కాసిన్ని నీళ్ళే కదా!
(పాల సంఘాల్లో వినవచ్చే సాకుల గురించి)

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము పుస్తకాలు చూస్తాము, తూకం చూస్తాము, పరీక్ష మిషను చూస్తాము. వీటిలో ఏదైనా తేడా కనబడితే రాసుకోవడానికి మా నివేదికలో గడులు ఉన్నాయి. కాని తేడా బయటపడిన తరువాత మాకు వినిపించే మాటలను రాసుకోవడానికి గడి ఏదీ లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మా అనుభవం ఏమంటే, తేడాల కంటే ఆ మాటలే ఎక్కువ విషయం చెబుతాయి.

"నాలుగు చెంబుల నీళ్ళకు సంఘం మునుగుతదా సారూ?" "అందరూ చేస్తున్నరు, నేనొక్కన్నే దొరికిన్నా?" "పైవాళ్ళు తినట్లేదా?" "పిల్ల పెండ్లి ఉండె, వాడుకున్న, మళ్ళ కడతనుకున్న." వడ్డేపల్లి, రాజోలి, అయిజ, అలంపూరు, ఎక్కడికి వెళ్ళినా మాటలు ఇవే. ఆ మాటకొస్తే ఇవి మన తాలూకాల సొత్తు కూడా కావు. 1957లో అమెరికాలో సైక్స్, మాట్జా అనే ఇద్దరు పండితులు తప్పుదారి పట్టిన కుర్రవాళ్ళ గురించి ఒక వ్యాసం రాశారు. ఆ కుర్రవాళ్ళు మంచిచెడ్డలు తెలియనివారు కారు, తెలిసే చేస్తారు, కాని చేసేముందే మనసుకు ఒక సర్దుబాటు చెప్పుకుంటారు అని వారి వాదన. నా చేతిలో లేదు, ఎవరికీ నష్టం లేదు, నష్టపోయినవాడికి అట్లా జరగవలసిందే, నన్ను అడిగేవాళ్ళు మాత్రం సక్రమమా, నా వాళ్ళకోసం చేశాను అని అయిదు రకాల సర్దుబాట్లు చూపించారు. బర్రె ముఖం చూడని ఆ పండితులు మన పాల కేంద్రం అరుగు మీద కూర్చొని రాసినట్లే ఉన్నది ఆ జాబితా.

ముందు నీళ్ళ సంగతి లెక్క వేసి చూద్దాము. ఒక సభ్యుని దగ్గర 10 లీటర్ల బర్రెపాలు ఉన్నాయి. వెన్న 7 శాతం, వెన్నగాక మిగిలిన ఘనపదార్థాలు, అంటే మనం ఎస్.ఎన్.ఎఫ్. అనేవి, 9 శాతం అనుకుందాము. దానికి ఒక లీటరు నీళ్ళు కలిస్తే 11 లీటర్లు అవుతాయి. వెన్న 6.36కు, ఎస్.ఎన్.ఎఫ్. 8.18కి దిగుతాయి. లీటరును కిలోగా అనుకుంటే మొదటి 10 లీటర్లలో ఉన్న వెన్న 700 గ్రాములు. 11 లీటర్లలో ఉన్నదీ అదే 700 గ్రాములు. ధర కట్టేది వెన్నకూ ఘనపదార్థాలకూ అయినప్పుడు ఆ లీటరు నీళ్ళకు ఒక్క పైసా రాదు. పైగా ఎస్.ఎన్.ఎఫ్. హద్దు కంటే తగ్గినందుకు ధరలో కోతపడవచ్చు, పాలు తిప్పి పంపవచ్చు.

మరి ఎందుకు కలుపుతారు? పాలు లీటరు లెక్కన అమ్ముడుపోయే హోటలు దగ్గర, ఇంటి వాడుకల దగ్గర నీళ్ళకు ధర వస్తుంది. ఆ అలవాటు చెయ్యి సంఘానికి వచ్చినా మానదు. ఇక రెండవ కారణం, సంఘంలో పరీక్ష సరిగా జరగడం లేదని సభ్యునికి తెలియడం. టెస్టరు పాలు చూడకుండా నిన్నటి అంకె దించుతాడని తెలిసిన నాడు నీళ్ళు కూడా వెన్నే అవుతాయి. కాబట్టి బకెట్టులో నీళ్ళు కనబడితే మేము ముందు ఆ మనిషిని కాదు, పరీక్ష రిజిస్టరును చూస్తాము. ఒకే సభ్యునికి పదిహేను రోజులు వరుసగా 6.5 అని ఉంటే ఆ బర్రె దేవతా బర్రె అయి ఉండాలి. ఏ బర్రెకూ పూట పూటకూ ఒకే వెన్న రాదు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. వెన్న తగ్గినదంతా మోసం కాదు. పితికేటప్పుడు మొదటి ధారల్లో వెన్న చాలా తక్కువ, చివరి ధారల్లో చాలా ఎక్కువ. చివరి పాలు దూడకు వదిలిన ఇంట్లో కేంద్రానికి వచ్చే పాలు పలచగానే ఉంటాయి. ఈనిన కొత్తలో పాలు ఎక్కువ, వెన్న తక్కువ. ఎండుమేత తగ్గి చెక్క, దాణా ఎక్కువైనా వెన్న పడిపోతుంది. ఇవన్నీ తెలియక "నీళ్ళు పోసినవు" అని నలుగురిలో అన్న సెక్రటరీలు ఉన్నారు. చెయ్యని తప్పుకు మాట పడ్డవాడు తరువాత చేసినా ఆశ్చర్యపోనవసరం లేదు.

మిషన్లు వచ్చినాయి, ఇంకేమి మోసం అంటారు కొందరు. మిషను వచ్చినందువల్ల మోసం పోలేదు, ఇల్లు మారింది. నీళ్ళు పోస్తే ఎస్.ఎన్.ఎఫ్. పడిపోతుందని తెలిసినవాడు దాన్ని నిలబెట్టడానికి చక్కెర వేస్తాడు, ఉప్పు వేస్తాడు, యూరియా వేస్తాడు. పాలు విరగకుండా సోడా వేస్తాడు. చూడండి, బయలుదేరింది చెంబెడు నీళ్ళతో. "నీళ్ళు తాగితే ఎవరైనా చస్తారా" అనేది మొదటి సాకు. నీళ్ళను దాచడానికి వేసిన వస్తువు దగ్గరకు వచ్చేసరికి ఆ సాకు చెల్లదు, కాని మనిషి అప్పటికే అలవాటు పడి ఉంటాడు.

ఇది ఎంతవరకు పోతుందో 2008లో చైనా దేశంలో తెలిసింది. అక్కడ పాలలో మాంసకృత్తులను నేరుగా కాక వాటిలోని నత్రజని లెక్కన కొలిచేవారు. నీళ్ళు కలిపిన పాలలో ఆ అంకె పడిపోతుంది. దాన్ని లేపడానికి మెలమైన్ అనే పదార్థం కలిపారు. అది ప్లాస్టిక్ పలకలు, పళ్ళేలు తయారుచేసే సరుకు, నత్రజని దండిగా ఉంటుంది. మిషను దాన్ని మాంసకృత్తులుగా చూపింది. ఆ పాలు శాన్‌లూ అనే పెద్ద కంపెనీ పాలపొడిలోకి, అక్కడినుంచి పసిపిల్లల సీసాల్లోకి వెళ్ళాయి. పిల్లల మూత్రపిండాల్లో రాళ్ళు పడ్డాయి. ఆరుగురు పసివాళ్ళు చనిపోయారు, సుమారు 3 లక్షల మంది జబ్బుపడ్డారు. 2009 నవంబరులో ఇద్దరికి మరణశిక్ష అమలు చేశారు. ఆ ఇద్దరిలో ఒకడు ఏ ఫ్యాక్టరీ యజమానో కాడు, మన సంఘం వంటి పాల సేకరణ కేంద్రం నడిపినవాడు.

మన దేశం సంగతికి వస్తే, ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు తీసి పరీక్షించింది. ఫలితాలు 2019లో వెలువడ్డాయి. నూటికి 93 నమూనాలు తాగడానికి భయం లేనివే. ఇది సంతోషించవలసిన మాట, ఎందుకంటే పాలన్నీ విషమేనని పుకార్లు పుట్టించేవారు కూడా పాడిరైతుకు శత్రువులే. హానికరమైన కల్తీ దొరికినవి పన్నెండు. ఆ పన్నెండులో తొమ్మిది మన తెలంగాణావి. సంఖ్య చిన్నదే, అయినా పక్క రాష్ట్రాల వారి ముందు తల ఎత్తి చెప్పుకునేది కాదు. అదే సర్వేలో 5.7 శాతం నమూనాల్లో అఫ్లటాక్సిన్ హద్దు మీరి ఉన్నది. ఇది ఎవరూ కలిపింది కాదు. బూజుపట్టిన పల్లిచెక్క, పత్తిచెక్క పశువుకు పెడితే ఆ బూజు విషం పాలలోకి దిగుతుంది. "పారబొయ్యాలంటే పానం ఒప్పలే" అని పాడైన చెక్క పెట్టేవారూ, పొదుగువాపుకు ఇంజెక్షన్లు వేయించి డాక్టరు చెప్పిన రోజులు గడవకముందే పాలు కేంద్రానికి తెచ్చేవారూ తాము కల్తీ చేస్తున్నామని అనుకోరు. వారి లెక్కలో కల్తీ అంటే చేత్తో పోసేది మాత్రమే.

ఇక అరుగుకు అవతలివైపు చూద్దాము. సభ్యుని చెంబు కంటే సంఘం బల్ల దగ్గర జరిగేది పెద్దది.

80 మంది పాలు పోసే సంఘంలో మనిషికి 50 మిల్లీలీటర్లు శాంపిలు తీశారనుకోండి. పూటకు 4 లీటర్లు, రోజుకు 8 లీటర్లు. పరీక్షకు కావలసింది పోగా మిగిలిన పాలు సభ్యులవి, అంటే సంఘానివి. లీటరు 60 రూపాయల చొప్పున మొత్తానికి లెక్క కడితే రోజుకు 480, సంవత్సరానికి 1,75,200 రూపాయలు. కొన్ని సంఘాల్లో శాంపిలు పాల అమ్మకం అనే ఖాతాయే ఉండదు. అడిగితే "టీకి వాడినం" అంటారు. లక్షా డెబ్బై అయిదు వేల టీ! జీతం తక్కువ కాబట్టి ఇది మామూలే అని చెప్పుకుంటారు. జీతం తక్కువన్నది చాలా చోట్ల నిజమే. అట్లయితే సర్వసభ్య సమావేశంలో పెట్టి జీతం పెంచమని అడగాలి. అడిగితే సభ్యులు పని చూసి లెక్క అడుగుతారని భయం. ఈ "మామూలు" అనే మాట ఎంత సౌకర్యమైనదో గమనించండి. దొంగతనమని ఎవరూ అనరు. మామూలు, సర్దుబాటు, చేబదులు, ఖర్చులు. మాట మార్చితే పని మారినట్లే మనసుకు తోస్తుంది.

చేబదులు సంగతి ఇంకా గట్టిది. డోనాల్డ్ క్రెస్సీ అనే ఆయన 1953లో ఒక పుస్తకం ప్రకటించారు. నమ్మి అప్పగించిన సొమ్ము తినివేసి జైలుపాలైన వారిని కలిసి మాట్లాడి రాసిన పుస్తకం. వారిలో చాలామంది తాము దొంగిలిస్తున్నామని అనుకోలేదు, అప్పు తీసుకున్నాము, తిరిగి పెట్టేస్తాము అనుకున్నారు. ఎవరికీ చెప్పుకోలేని ఒక ఇబ్బంది, చేతికి అందుబాటులో సొమ్ము, మనసుకు ఒక మాట, ఈ మూడూ కలిసిన చోట పని జరిగిందని ఆయన తేల్చారు. సభ్యుల బిల్లులు బ్యాంకు ఖాతాలకు నేరుగా పోయే సంఘాల్లో చేతి సొమ్ము తగ్గింది, అంతవరకు మేలు. కాని దాణా అమ్మకం, విడి పాల అమ్మకం నగదుగానే ఉన్నచోట ఆ పెట్టె తాళం చెవి ఎవరి దగ్గర ఉన్నదో అడగవలసిందే.

అన్నిటికంటే కష్టమైన కేసు దయతో చేసినది. ఒకే బర్రె ఉన్న విధవరాలు, బర్రె పాలకు 6.2 వచ్చింది, టెస్టరు 6.8 రాశాడు. తాను ఒక్క రూపాయి తినలేదు. ఈ మనిషిని ఏమనాలి? మాకు కూడా వెంటనే కోపం రాదు. అయినా లెక్క కోపతాపాలు చూడదు. ఆ 0.6 ఆకాశం నుంచి రాదు. దయకు ఇద్దరు, చుట్టరికానికి నలుగురు, అధ్యక్షుని ఇంటి పాలకు భయం కొద్దీ ఇంకొంచెం, ఇట్లా రాసుకుంటూ పోతే కేంద్రంలో రాసిన వెన్నకూ, చల్లబరచే కేంద్రంలో క్యానుల పాలకు వచ్చిన వెన్నకూ మధ్య తేడా వస్తుంది. పూటకు 200 లీటర్లు పోసే సంఘంలో ఆ తేడా కేవలం 0.3 అనుకుందాము. పూటకు 600 గ్రాములు, రోజుకు కిలో 200 గ్రాములు, ఏడాదికి 438 కిలోల వెన్న. లెక్క సులువు కోసం వెన్న కిలో 700 రూపాయలు అనుకుంటే 3,06,600 రూపాయలు. ఇది ఎవరు కట్టాలి?

సెక్రటరీ తన జేబునుంచి కట్టడు. ఆయన చేసే పని ఏమంటే, అందరి అంకెలోనుంచి ఒక్కొక్క పాయింటు తగ్గించడం. 7.0 వచ్చినవాడికి 6.9, 6.6 వచ్చినవాడికి 6.5. "సంఘం నిలబడాలె కదా సార్" అంటాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో అబద్ధం ఉండదు. సంఘాన్ని కాపాడుతున్నాననే ఆయన నమ్మకం. కాని కోత ఎవరికి పడింది? మంచి పాలు పోసినవారికి. వారిలో ఒకరు ఏదో ఒక రోజు అవే పాలు వేరేచోట పరీక్ష చేయించుకొని 7.0 చూస్తాడు. ఆ రోజునుంచి మంచి పాలు ప్రయివేటు బండికి, పలచటి పాలు సంఘానికి. అడిగితే "మీరు కోస్తున్నరు కాబట్టి" అంటాడు. టెస్టరు సాకు సెక్రటరీకి కారణమైంది, సెక్రటరీ సాకు సభ్యునికి కారణమైంది, సభ్యుని పలచటి పాలు మళ్ళీ తేడాను పెంచాయి. ఈ గానుగ తిరుగుతూనే ఉంటుంది. మూతపడిన సంఘాల పుస్తకాలు తిరగేస్తే పెద్ద దోపిడీ కనబడేది తక్కువ, ఈ 0.1, 0.2 తేడాలే పేజీ తరువాత పేజీ.

చదువుకోని పల్లెటూరి వాళ్ళు కాబట్టి ఇట్లా అని ఎవరైనా అనుకుంటే హైదరాబాదు వైపు చూడవచ్చు. 1987లో మొదలైన సత్యం కంప్యూటర్స్ ప్రపంచం మెచ్చిన కంపెనీ. 2008 సెప్టెంబరులో కంపెనీ నిర్వహణలో నీతికి గాను బంగారు నెమలి పేరుగల బహుమానం అందుకున్నది. 2009 జనవరి 7న అధిపతి రామలింగరాజు బోర్డుకు ఒక ఉత్తరం రాశారు. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిలువలుగా చూపిన దానిలో 5,040 కోట్లు లేనేలేవని ఆ ఉత్తరం సారాంశం. నిజమైన లాభానికీ పుస్తకంలోని లాభానికీ మొదట స్వల్పమైన తేడా ఉండేదనీ, ఏటేటా అది పెరిగిపోయిందనీ, చివరకు పులి మీద స్వారీ అయిందనీ ఆయన రాశారు. తాను సొంతానికి ఏమీ తీసుకోలేదని కూడా రాశారు. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానం ఆయనకు ఏడేళ్ళ శిక్ష విధించింది, తరువాతి నెలలో అప్పీలు మీద శిక్ష నిలిపివేసి బెయిలు ఇచ్చారు. న్యాయవిచారణ సంగతి అటుంచి, ఆ ఉత్తరంలోని మాటలను మన సంఘం సెక్రటరీ మాటల పక్కన పెట్టి చూడండి. స్వల్పమైన తేడా, సంస్థ నిలబడాలి, నేను తినలేదు. కోట్లకూ లీటర్లకూ సాకు ఒక్కటే.

వడ్డేపల్లి ప్రాంతపు సభ్యులకు మేము ఇంకొక ఉదాహరణ చెప్పనక్కరలేదు, వారే మాకు చెప్పగలరు. గద్వాల చుట్టుపట్ల విత్తన పత్తి సాగు ఎంతటి కష్టమో ఊరందరికీ తెలుసు. పువ్వు పువ్వునూ చేత్తో క్రాసింగు చేయాలి, ఇంటిల్లిపాదీ చేలోనే. గింజ పరీక్షకు పోతుంది. శుద్ధత లేదు, ఫెయిలు అన్న మాట వస్తే ఏడాది కష్టం బూడిద. ఆ పరీక్ష ఎక్కడ జరిగింది, ఎవరు చేశారు, నా గింజనే పరీక్షించారా అని రైతు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. నకిలీ విత్తనం అంటగట్టిన వ్యాపారిని ఆయన తిట్టే తిట్లు కూడా న్యాయమైనవే. అదే రైతు సాయంత్రం బకెట్టుతో కేంద్రానికి వచ్చినప్పుడు ఆ పాలు తాగే పట్నం పిల్ల ఆయనకు కనబడదు. విత్తన వ్యాపారికి ఈ రైతు ఎట్లా కనబడలేదో అట్లాగే. ఎదుటి మనిషి ముఖం తెలియనిచోట "ఎవరికి నష్టం" అనడం సులువు. చల్లని క్యాను, టాంకరు, పాకెట్టు, ఇన్ని దాటిన తరువాత ఎవరి పాలో ఎవరికి తెలుసు?

"పైవాళ్ళు తినట్లేదా" అనే మాటకు మేము జవాబు చెప్పకుండా తప్పించుకోకూడదు. పైనున్నవారు అంటే మేము కూడా. పై అధికారుల్లో తప్పులు చేసేవారు ఉన్నారు, బిల్లులు ఆలస్యమైతే రైతు ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుందో కుర్చీల్లో ఉన్నవారు ఆలోచించరు. ఇది నిజం. దానికి మహజరు పెట్టండి, తీర్మానం పంపండి, పదిమంది కలిసి వచ్చి నిలదీయండి, మేము తప్పు పట్టము. కాని ఆలస్యమైన బిల్లుకు బదులుగా పోసిన నీళ్ళు ఆ అధికారి బల్ల మీదకు పోవు. అవి పక్కింటి సభ్యుని బోనసులోనుంచి పోతాయి.

చట్టం సంగతి క్లుప్తంగా. 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద నాసిరకం ఆహారానికి 5 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నది. కల్తీ వల్ల ప్రాణం పోతే ఏడేళ్ళకు తగ్గని జైలు, యావజ్జీవం వరకు, 10 లక్షలకు తగ్గని జరిమానా. 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరయిన సంఘాలకు 51వ సెక్షను కింద విచారణ, 52వ సెక్షను కింద తనిఖీ ఉంటాయి. సంఘం సొమ్ము వాడుకున్నట్లు తేలితే 60వ సెక్షను కింద వడ్డీతో సహా రాబట్టవచ్చు. "మళ్ళీ కడతాననుకున్నాను" అన్నది ఈ సెక్షను ముందు జవాబు కాదు.

అయితే సెక్షన్ల కంటే ముందు చేయదగిన పనులు సభ్యుల చేతిలోనే ఉన్నాయి. పాలను బాగా కలియబెట్టి మీ ఎదుట శాంపిలు తీయమనండి. కలియబెట్టకుండా పైనుంచి తీస్తే వెన్న ఎక్కువ చూపుతుంది, అది మీకు లాభంగా కనబడినా ఇంతకుముందు చెప్పిన తేడాలోకే పోతుంది. అంకె మిషను మీద చదివిన తరువాతే చీటీ తీసుకోండి. మిషను ఎప్పుడు సరిచూశారో తేదీ గోడమీద రాయించండి. కేంద్రంలో రాసిన సగటు వెన్న, చల్లబరచే కేంద్రం చూపిన వెన్న, రెండూ పక్కపక్కన బోర్డు మీద రోజూ రాసే పద్ధతి పెడితే సగం సాకులు పుట్టవు. తేడా మొదటి రోజే కనబడుతుంది, కోతతో కప్పవలసిన పని పడదు. ఆ విధవరాలి విషయం దయతలచదలిస్తే సంఘం నిధినుంచి దాణాకు ఇంత సాయం అని పాలకవర్గం తీర్మానం రాసి ఇవ్వవచ్చు. అందరికీ తెలిసి ఇచ్చినది, రేపు ఎవరూ ఆమెను ఒక మాట అనడానికి వీలుండదు. పరీక్ష అంకె మాత్రం ఆమె బర్రె ఇచ్చినదే రాయాలి.

వచ్చే సర్వసభ్య సమావేశానికి వెళ్ళే సభ్యులు జమాఖర్చుల కాగితం చేతికి రాగానే రెండు పద్దులు వెతకవలసిందిగా కోరుతున్నాము. శాంపిలు పాల అమ్మకం జమ ఎంత? సంవత్సరం మొత్తంమీద సంఘం రాసిన వెన్న కిలోలు ఎన్ని, పైన ఒప్పుకున్న కిలోలు ఎన్ని? ఈ రెండు అంకెలు కాగితంలో లేకపోతే లేచి నిలబడి అడగండి. మినిట్సు పుస్తకంలో ప్రశ్న, జవాబు, అడిగినవారి పేరు రాయించండి. తరువాత తనిఖీకి మేము వచ్చినప్పుడు మొదట తెరిచేది ఆ పేజీనే.